బనారసు చీరలో చేప

తపతి భర్త పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెను గీస్తూనే ఉన్నాడు గాని, ఒక్క బొమ్మలోనూ తల పెట్టలేదు. ఒకసారి మెడ మీద లాంతరు పెట్టాడు. ఇంకోసారి పనసకాయ. ఒక బొమ్మలోనైతే ఆమె నడుము దాకానే మనిషి, అక్కడి నుంచి పైకి మెట్లు. ఆ మెట్ల మీద చందమామ చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరూ లేవకుండా దిగుతుంటాడు. ఆ బొమ్మను కలకత్తాలో ప్రదర్శనకు పెడితే, ఒక పెద్దమనిషి దాని ముందు చాలాసేపు నిలబడి "ఎంత విరహం" అని నిట్టూర్చాడట. తపతికి విరహమేమీ కనిపించలేదు. తన పాత నీలం చీర అంచు కనిపించింది, అదీ తలకిందులుగా.

"తల ఉంటే జనం తల వైపే చూస్తారు తపతీ, మనసు వైపు చూడరు," అనేవాడు నిశీథ్.

"చూడకపోతే మానె. మా అన్నయ్య వచ్చినప్పుడల్లా చెల్లెలు ఏదీ అని గోడలన్నీ వెతుక్కుంటున్నాడు."

చందన్‌నగర్‌లో నిశీథ్ లాహిరి అంటే కలల బొమ్మలవాడని పేరు. మంచివాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, పెట్టింది తింటాడు. ఉన్నదల్లా ఒక్కటే ఇబ్బంది. చిత్రంలో తప్పనేది ఉండదని చదువుకునే రోజుల్లో ఎవరో గురువు చెప్పాడు. ఆ మాటను అతను చిత్రం దాటించి ఇంట్లోకీ, వంటింట్లోకీ, రైల్వే స్టేషన్లోకీ తెచ్చుకున్నాడు. టీలో ఉప్పు వేస్తే అది కొత్త రుచి. హౌరా వెళ్ళాల్సినవాడు ఎదురు దిక్కున పోయే బర్దమాన్ బండి ఎక్కితే, బర్దమాన్ చూసి చాలా రోజులైందంటాడు. "పొరపాటైంది" అన్న మాట అతని నోట తపతి ఒక్కసారీ వినలేదు. వింటానన్న ఆశ కూడా ఎప్పుడో వదిలేసింది.

ఆశ వదిలేసినా బతుకు సాగుతుంది గాని, కొడుకు పెళ్ళి కుదిరేసరికి ఆ ఇబ్బంది కాస్తా బెంగగా మారింది.

బిల్టు ఇష్టపడిన పిల్ల ఝినుక్. గంగకు అవతల ఒడ్డున, జగద్దల్‌లో ఇల్లు. పిల్ల బంగారం, తల్లిదండ్రులు మెతక మనుషులు, కానీ ఆ ఇంటి పెత్తనమంతా నాయనమ్మ ఇందుప్రభది. ఆవిడ ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున హాల్లో మెట్ల బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఈవిడెవరు?"

"నేనేనండీ," అంది తపతి.

ఇందుప్రభ టీ కప్పు కింద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి, "ఆ ఇంట్లో మన పిల్లకి తల ఉంటుందంటారా?" అని అడిగిందట. ఝినుక్ నవ్వుతూ బిల్టుకి చెప్పింది, బిల్టు నవ్వుతూ తల్లికి చెప్పాడు. తపతి నవ్వలేదు. ముసలావిడ చివరికి సరేనంది గాని, పెళ్ళి పీటల దాకా కళ్ళు తెరుచుకునే ఉంటానని కూడా అంది.

అందుకని తపతి ఒక నిర్ణయం చేసుకుంది. పెళ్ళిరోజున ఈ ఇంటి గడప దాటి వింతైనదేదీ బయటికి వెళ్ళకూడదు. వాళ్ళ ఆచారంలో కొడుకు పెళ్ళి తల్లి చూడకూడదు గనక రాత్రి పెళ్ళికి తను ఎలాగూ వెళ్ళదు. అక్కడ మొగుణ్ణి చూసుకునేవాళ్ళుండరు. కనీసం పొద్దున పెళ్ళికూతురింటికి వెళ్ళే సారె అయినా చక్కగా వెళ్ళాలి. పిల్లకి కూడా రాయడానికని బిల్టుకి రాసిన పసుపులో మిగిలింది, చీరలు, మిఠాయిలు, వాటన్నిటి ముందు పెళ్ళికూతురిలా ముస్తాబు చేసిన చేప. చేప బాగుంటే మిగతావి ఎలా ఉన్నా చెల్లిపోతుంది. చేప బాగాలేకపోతే బంగారం పంపినా దండగే.

ఈ హడావిడిలో నిశీథ్ మేడ మీది గదిలో కొత్త దంపతులకు కానుకగా ఒక బొమ్మ వేస్తున్నాడు. నిజం చెప్పాలంటే బొమ్మ అందంగానే ఉంది. ఆకాశమే గంగ. మేఘాల మధ్య లాంచీ తేలుతోంది. పైనుంచి బిల్టు గొడుగు పట్టుకుని మెల్లగా దిగుతున్నాడు, చుట్టూ రజనీగంధ పూలు వానలా రాలుతున్నాయి. కింద నీళ్ళలోంచి ఎర్ర బనారసు చీరలో పెళ్ళికూతురు లేస్తూ అతనికి చెయ్యి అందిస్తోంది. ఆమె మెడ పైన మాత్రం కోడిగుడ్డంత తెల్లటి ఖాళీ.

"ఏమండీ, ఈ ఒక్కదానికైనా తల పెట్టండి," అంది తపతి. "ఆ ముసలావిడ చూస్తుంది. లాంతరొద్దు, పనసకాయొద్దు."

"పెడతాను."

"నిజంగా?"

"తల పెడతానని చెప్పానా, పెడతాను."

అతను మాట తప్పే మనిషి కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

పెళ్ళిరోజు తెల్లవారుతూనే నిశీథ్ తమ్ముడు దేబు బజారు నుంచి చేపను తెచ్చాడు. నిఖార్సైన శీలావతి. పొలుసు మీద లేత ఎరుపు జీర, చిన్న తల, పొందికైన మూతి. తపతి దాన్ని కడిగి, తుడిచి, తన పెళ్ళినాటి బనారసు చీరలో చిరిగిపోయిన ముక్కతో చీర కట్టింది. కళ్ళకు కాటుక దిద్దింది. నుదుట చందనం చుక్కలు, ముక్కుకి తీగతో చేసిన నత్తు, నెత్తిన చిన్న బెండు కిరీటం. చివరగా నోట్లో ఒక తమలపాకు చిలక. పళ్ళెంలో పడుకోబెట్టి దూరం జరిగి చూసుకుంటే, తన పెళ్ళినాడు తను కూడా ఇంత బాగా కుదరలేదనిపించింది.

తర్వాత అందరూ పెరట్లోకి వెళ్ళారు. బిల్టుకి పసుపు రాయడం, శంఖాలు, ముత్తయిదువులు నాలుక ఆడిస్తూ చేసే ఉలుధ్వనులు, వాడు చలికి "అమ్మా, వేడినీళ్ళు" అని గోల పెట్టడం. ఆ సందట్లో నిశీథ్ కనిపించలేదన్న సంగతి తపతి గమనించకపోలేదు. కనిపించకపోవడమే మేలనుకుంది.

సారె పళ్ళేలన్నీ ఎర్ర రంగు కాగితం కప్పుకుని వరండాలో వరసగా ఉన్నాయి. దేబు మనుషులను పెట్టి వాటిని రేవుకు చేరవేస్తుంటే నిశీథ్ మేడ దిగి వచ్చాడట. అదే కాగితం కప్పిన ఒక పళ్ళెం స్వయంగా అందించి, "దేబూ, చేపది జాగ్రత్త. ఇంకా తడిగా ఉంది," అన్నాడట.

చేప తడిగా ఉండక ఎలా ఉంటుంది అనుకున్నాడు దేబు. లాంచీ ఎక్కించాడు.

అంతా వెళ్ళిపోయాక తపతి కాస్త టీ తాగుదామని కూర్చుంది. పై నుంచి పిల్లి అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు, అర్జీ పెట్టుకుంటున్న అరుపు. మేడెక్కి తలుపు తీసింది.

కిటికీ పక్కన, వెలుతురు పడే చోట, కుర్చీలో దిండుకి చేరగిలబడి చేప కూర్చుని ఉంది. కిరీటం సరిగ్గా ఉంది. తమలపాకు తీసి పక్కన పెట్టారు. చీర కుచ్చిళ్ళు తను పెట్టినదానికంటే పొందిగ్గా సర్ది ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో తన కుచ్చిళ్ళు ఒక్కసారి పట్టుకోమంటే చేతికి రంగుందన్న మనిషి. బొమ్మ పెట్టే స్టాండు ఖాళీగా ఉంది. నిశీథ్ కుంచెలు కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు.

"ఇదిక్కడుంటే," అంది తపతి చాలా నెమ్మదిగా, "అక్కడికి వెళ్ళిందేమిటి?"

"చేపే వెళ్ళింది."

"ఏ చేప?"

"తల పెట్టమన్నావుగా. ఇన్ని వారాలు ఆ ముఖం దొరకక కొట్టుకుంటున్నానా, పొద్దున వంటింట్లోకి వస్తే బల్ల మీద ఉంది. కాటుక, సిగ్గు, అన్నీ. తెచ్చి కూర్చోబెట్టాను, ఒక్క ఊపులో కుదిరింది. దీన్ని నేను వాడుకున్నాను కాబట్టి దీని బదులు అది పంపాను. న్యాయమే కదా."

"పెళ్ళికూతురికి చేప తల పెట్టారు."

"తలే కదా పెట్టమన్నావు."

"పెట్టి, చేప బదులు దాన్ని సారెలో పంపారు."

"ఇది సాయంత్రానికి వాసనొస్తుంది తపతీ. అది వందేళ్ళుంటుంది. ఏది మేలంటావు?"

ఏది మేలో చెప్పేలోగా ఫోను మోగింది. దేబు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడ నాయనమ్మగారు అడుగుతున్నారు, దీన్ని ఆవపిండి పెట్టి వండాలా, పెరుగు పోసి వండాలా అని."

"నవ్వుతూ అడిగారా?"

"నవ్వినట్టు లేదు. చేప దిగేదాకా పిల్లకి పసుపు ముట్టించేది లేదంటున్నారు. శంఖం కూడా పక్కన పెట్టించారు. నన్ను మాత్రం కూర్చోమన్నారు. ఎంత మర్యాదగా కూర్చోమన్నారో అంత భయంగా ఉంది."

తపతి చేపను చూసింది, మొగుణ్ణి చూసింది. మొగుడొక్కణ్ణే ఇచ్చి పంపితే దారిలో ఏ మేఘమో చూసి చేపను బెంచీ మీద మర్చిపోతాడు. చేపను ఇంకో పళ్ళెంలోకి ఎత్తుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"నువ్వెలా వస్తావు? పెళ్ళికొడుకు తల్లివి," అన్నాడు నిశీథ్.

"పెళ్ళి చూడకూడదన్నారు. చేపను మోయకూడదని ఎవరూ అనలేదు. పదండి."

టోటో రిక్షాలో రేవు దాకా చేప తపతి ఒళ్ళో కూర్చుంది. లాంచీలో జనం చోటిచ్చారు, వాళ్ళకి కాదు, చేపకి.

"మగపెళ్ళివారా?" అన్నాడు కోతి టోపీ పెట్టుకున్న ముసలాయన.

"ఆఁ."

"ఆలస్యమైందే."

"ముస్తాబుకి పట్టింది," అంది తపతి.

కూరల బుట్టతో ఉన్నావిడ వంగి చేప ముఖంలోకి చూసింది. "కాటుక బాగా దిద్దావమ్మా. మా కోడలికీ చెప్పాను ఇలా దిద్దుకోమని, వినదు. పిల్ల నెమ్మదస్తురాల్లా ఉంది."

"చేపండీ అది."

"తెలుసులే. చేపైనా నెమ్మది నెమ్మదే."

"మెడలో దండేదీ?" అన్నాడు కోతి టోపీ. "దండ లేకుండా ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" కూరల బుట్టావిడ తన బుట్టలోని చామంతి దండలోంచి చిన్న మూర తెంపి ఇచ్చింది.

నిశీథ్ రెయిలింగు దగ్గర నిలబడి, "తపతీ, ఆ నీళ్ళు చూడు. అచ్చం నేను వేసిన రంగే," అన్నాడు.

"నీళ్ళు తర్వాత చూడొచ్చు. ఆ తోక పట్టుకోండి, జారుతోంది."

అవతలి ఒడ్డున ఝినుక్ వాళ్ళ పెరడు నిండా జనం.  మధ్యలో ఒక కుర్చీ, ఆ కుర్చీలో బొమ్మ. ఎర్ర కాగితం రంగుకు అంటుకుని, లాగితే వచ్చినంత వచ్చి, బొమ్మలోని చేప చెంప మీద ఎర్రటి మరక మిగిలింది.

"చూశావా, సిగ్గుపడింది," అన్నాడు నిశీథ్ మురిసిపోతూ. "నేను పెట్టింది కాదది. దానంతటదే వచ్చింది."

బొమ్మకెదురుగా తెల్లచీరలో ఇందుప్రభ కూర్చుని ఉంది. భర్త పోయినప్పటి నుంచీ చేప నోట పెట్టని మనిషి. అయినా జగద్దల్ బజారులో ఆవిడ వేలు చూపించని చేపను ఆ వీధిలో ఎవరూ కొనరు. తపతి చేతిలోని పళ్ళేన్ని తీసుకుని పరకాయించి చూసింది. మొప్ప ఎత్తి చూసింది, పొట్ట నొక్కింది.

"శీలావతి. మంచిది. చీర ఎవరు కట్టారు?"

"నేనేనండీ."

"ముద్దుగా ఉంది. పెళ్ళికొడుకు తల్లివయ్యుండీ వచ్చావంటే నీ బాధ నాకర్థమైందిలే." ముత్తయిదువు ఒకావిడ శంఖం అందుకోబోయింది. "ఆగవే. ఇంకా అవలేదు. మీ ఇంటి నుంచి ముందొచ్చింది ఈ బొమ్మ. ముందొచ్చిందే సారె. బాబూ, నువ్విలా రా. ఇది ఏం చేప?"

"శీలావతేనండీ," అన్నాడు నిశీథ్. "దీన్నే ఎదురుగా పెట్టుకుని వేశాను."

"శీలావతా." ఇందుప్రభ కళ్ళజోడు సర్దుకుంది. "ఇంత తలుంటుందా శీలావతికి? ఆ నోరు చూడు. ఆకాశాన్ని తాగేట్టు పైకి తెరుచుకుంది. శీలావతి నోరు కిందికి కదా ఉంటుంది. ఇది బొచ్చె."

పెరట్లో గాలి కదిలినట్టయింది. పెళ్ళికి బొచ్చె పంపేవాళ్ళు లోకంలో లేకపోలేదు, కానీ ఆ ఇంటికి ఎవరూ పంపలేదు. "నాకూ తల దగ్గరే అనుమానం వచ్చింది," అన్నాడు ఝినుక్ తండ్రి. దేబు కూడా గొంతు సవరించుకుని, "అన్నయ్యా, తోక శీలావతిదే గాని..." అని ఆగిపోయాడు.

నిశీథ్ నవ్వాడు. తపతికి ఆ నవ్వు తెలుసు. బర్దమాన్ బండి దిగినప్పటి నవ్వు.

"చిత్రంలో తప్పనేది ఉండదండీ. ఇది కల."

"కలలో అయినా బొచ్చె బొచ్చే."

"జాతి ముఖ్యం కాదు. భావం..."

"భావం నాకూ తెలుసు బాబూ. మా ఆయన పడకలో ఉండి కూడా జబ్బు నాది కాదు, డాక్టరుదే అన్నాడు. పోయేదాకా అదే భావం." ఇందుప్రభ తపతి వైపు తిరిగింది. "నీ మీద నాకు ఫిర్యాదేమీ లేదమ్మా. మీ చేపా బాగుంది, మీ అబ్బాయీ బాగున్నాడు. కానీ తండ్రి ఎలాగో కొడుకూ అలాగే తయారవుతాడు. నాదే పొరపాటు అనగలిగే మగవాడు ఆ ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడో లేదో తెలియకుండా పిల్లనెలా పంపను? అది బొచ్చె అని ఆయన నోటితో ఒక్కసారి అనమను. వెంటనే శంఖం ఊదిస్తాను."

 పీటల మీద పెళ్ళి ఆగిపోవడానికి కట్నాలు, జాతకాలు కారణమని తపతి విన్నది గాని, చేప మూతి కారణమని వినలేదు. గిన్నెలో బిల్టుకి రాయగా మిగిలిన పసుపు అంచుల దగ్గర ఎండిపోతోంది.

"ఏమండీ," అంది పళ్ళ మధ్య నుంచి. "అనేయండి."

"అది బొచ్చె కాదు తపతీ."

"నాకూ బొచ్చెలాగే ఉంది."

"నువ్వు తల వైపు చూస్తున్నావు."

అప్పుడు లోపలి నుంచి ఝినుక్ వచ్చింది. పసుపు అంచు చీర, జుట్టు విరబోసుకుని ఉంది, ముఖం వాడిపోయింది.

"నాయనమ్మా, తెల్లారకముందు పెరుగూ అటుకులూ తిన్నదే. కళ్ళు తిరుగుతున్నాయి. అది తిమింగలమన్నా నేను ఒప్పుకుంటాను."

"నీ ఒప్పుకోలు కాదే కావాల్సింది."

ఝినుక్ కుర్చీ ముందు కూర్చుని బొమ్మను చూసింది. లాంచీని చూసింది, పూలను చూసింది, గొడుగును చూసి నవ్వింది. "ఇది నేనా మామయ్యా?"

"నువ్వేనమ్మా."

"బాగున్నాను. పైకి చూస్తున్నానెందుకు?"

"వాడు గొడుగు పట్టుకుని పైనుంచి దిగుతున్నాడు కదా తల్లీ. చూడొద్దూ?"

ఝినుక్ పళ్ళెంలోని చేప వైపు తిరిగింది. చామంతుల మూర మెడలో వేసుకుని, కాటుక కళ్ళతో అది పళ్ళేన్నే చూస్తోంది. "మరి ఇది కిందికే చూస్తోందిగా."

నిశీథ్ పళ్ళెం దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేప మూతి దగ్గరికి ముఖం పెట్టాడు. వేలితో పెదవి తడిమాడు. మళ్ళీ బొమ్మను చూశాడు. అలా ఒకదాన్నీ మరోదాన్నీ చూస్తూ ఎంతసేపు ఉన్నాడంటే, ముత్తయిదువుల్లో ఒకావిడ పక్కావిడతో, "ఈయన దాంతో మాట్లాడుతున్నాడా?" అంది.

"పొద్దున ముందు ఉన్నదున్నట్టే వేశాను," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "నోరు కిందికే వేశాను. వాడు అంత ఎత్తు నుంచి గొడుగు పట్టుకుని దిగుతుంటే, ఈ అమ్మాయి బురదలో ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టుంది. నాకు మనసొప్పలేదు. నోరు పైకి తిప్పాను. తిప్పితే తల చాలలేదు. తలను పెంచాను."

 దేబు కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

"అయితే?" అంది ఇందుప్రభ.

ఇప్పుడు కల అంటాడు, అనుకుంది తపతి. కల అంటాడు, లేదంటే మనసు అంటాడు. తను చేపను ఎత్తుకుని మళ్ళీ లాంచీ ఎక్కాలి. కోతి టోపీ ముసలాయన ఇంకా అక్కడే ఉంటే, ఏమ్మా, పిల్ల నచ్చలేదా అని అడుగుతాడు.

నిశీథ్ లేచి నిలబడి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు.

"అయితే అది బొచ్చేనండీ," అన్నాడు. "పొరపాటు నాదే."